డ్రాక్యులా కర్త బ్రాం స్టోకర్

డ్రాక్యులా అను పేరు వినని విద్యార్థి మన పాఠశాలలలో అరుదు. నవలను చదివియుండకపోవచ్చును. సినిమా తెరనుండియో, బొమ్మల పుస్తకమునుండియో, తోటి పిల్లల ముచ్చటలనుండియో ఆ పేరు వాని చెవిని పడియే యుండును. ఆ రక్తపిశాచమును కల్పించిన మనుష్యుని పేరడిగినచో మాత్రము పెద్దలును తడుముకొందురు. ఈ మరపు నేటిది కాదు. అతడు బ్రతికియున్న దినములలోనే అతని పేరు మరియొకరి పేరు వెనుక మరుగుపడి యుండెను. లండనులోని పెద్దలు అతనిని మహానటుడైన హెన్రీ ఇర్వింగు యొక్క మేనేజరుగా ఎరుగుదురు. నవలలు వ్రాయుట అతని తీరిక వేళల పని.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ నవలను భయము కొరకు చదివితిని. అనేక సంవత్సరముల తరువాత మరల చదివినప్పుడు నన్ను ఆకర్షించినది పిశాచము కాదు, కాగితములు. దినచర్యలు, జాబులు, తంతివార్తలు, పత్రికల కత్తిరింపులు, ఓడ కప్తాను వ్రాసిన నిత్యవృత్తాంతము, ఇవియే ఆ నవల. కథకుడంటూ వేరొకడు లేడు. ఇట్టి గ్రంథమును వ్రాయుటకు కవి చాలడు, ఒక మంచి గుమాస్తా కావలెనని నాకు తోచెను. అటుపిమ్మట అతని జీవితమును తెలిసికొన్నప్పుడు నా తలంపు పెడదారి పట్టలేదని తృప్తి కలిగినది.

అబ్రహాం స్టోకర్ 1847 నవంబరు 8వ తేదీన ఐర్లండు దేశమున, డబ్లిన్ నగరము చెంత సముద్రపుటొడ్డున నున్న క్లాన్‌టార్ఫ్ అను చోట జన్మించెను. తండ్రి పేరును అబ్రహామే. ఆ పేరు కుదిరి కుదిరి తరువాతి కాలమున బ్రాం అయినది. తండ్రి డబ్లిన్ కోటలోని ప్రభుత్వ కచేరీలో గుమాస్తా. ఏడుగురు బిడ్డలలో బ్రాం మూడవవాడు. అవి ఐర్లండు చరిత్రలో మిక్కిలి చెడ్డ దినములు. బంగాళాదుంప పంటకు తెగులు తగిలి 1845 నుండి కొన్ని యేండ్లపాటు లక్షలాది జనులు ఆకలికిని జ్వరములకును బలియైరి. లక్షలాది జనులు ఓడలెక్కి దేశము విడిచిరి.

ఆ బాలుడు ఏడవ యేడు వచ్చువరకు తన కాళ్ళపై తాను నిలువలేదని అతడే పెద్దవాడైన తరువాత వ్రాసికొనెను. ఆ రోగమేదో నేటికిని తేలలేదు. పడకయే అతని లోకము. ఆ లోకమునకు వెలుపలి వార్తలు తెచ్చి యిచ్చినది తల్లి షార్లట్. ఆమె పడమటి తీరమందలి స్లైగో పట్టణమున పెరిగినది. 1832లో, ఆమెకు పదునాలుగేండ్ల వయసున, ఆ పట్టణమును కలరా ఊడ్చివేసెను. రోగభీతిచే జనులు ప్రాణము పోకముందే మనుష్యులను గోతులలో పూడ్చిన సంగతులను ఆమె కండ్లార చూచినదియు, చెవులార విన్నదియు బిడ్డకు చెప్పెడిది. పొడగరి యగు ఒక సిపాయి శవపేటికలో పట్టకపోగా, కాళ్ళు విరుగగొట్టి ఇమిడింపదలచి మొదటి దెబ్బ వేయునప్పటికి అతనికి తెలివి వచ్చెనట. చచ్చినవాడు నిజముగా చచ్చెనా అను సందేహము ఆ బాలునికి ఉగ్గుపాలతోడనే అబ్బినదనవలెను. కొడుకు పెద్దవాడై కోరినప్పుడు ఆమె ఆ కలరా వృత్తాంతమునంతయు కాగితముపై వ్రాసి యిచ్చెను. మౌఖికముగా విన్నదానిని వ్రాతలోనికి తెచ్చికొని దాచుకొను నలవాటు అతనికి నాటికే కలదన్నమాట.

ఏడేండ్లు మంచము దిగని ఆ బాలుడే 1864లో డబ్లిన్ లోని ట్రినిటీ కళాశాలలో చేరునప్పటికి ఆరడుగుల పైచిలుకు ఎత్తు గల యువకుడై, ఆటపోటీలలో బహుమతులు పొందుచు, తాత్త్విక సంఘమునకును చారిత్రక సంఘమునకును అధ్యక్షస్థానము వహించెను. 1870లో పట్టభద్రుడయ్యెను. అప్పటికే తండ్రి పనిచేసిన కచేరీలోనే ఉద్యోగములో కుదురుకొనియుండెను. కాలక్రమమున చిన్న నేరముల విచారణ జరుగు కోర్టులను తనిఖీ చేయు అధికారియై దేశమెల్ల తిరిగెను. ఆ కోర్టుల గుమాస్తాలు పాటింపవలసిన విధులను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను; అది 1879లో వెలువడినది. దానికంటె నీరసమైన పుస్తకము వేరొకటి ఉండదేమో! ఎవరు దేనిని ఎప్పుడు ఎట్లు నమోదు చేయవలెనో చెప్పుటయే అందలి విషయము. కాని డ్రాక్యులా కర్తను అర్థము చేసికొనగోరువారు ఈ నీరసగ్రంథమును మరువరాదు.

పగలు కచేరీ, రాత్రి నాటకశాల, ఇది అతని డబ్లిన్ జీవితము. నగరమునకు వచ్చు నాటకములను పత్రికలు సరిగా సమీక్షించుట లేదని కోపించి, ఒక సాయంకాల పత్రిక వారిని తానే అడిగి, 1871 నుండి జీతము లేకయే సమీక్షలు వ్రాయసాగెను. ఆ పత్రిక యజమానులలో షెరిడన్ లెఫాను ఒకడు. ఆ కాలముననే లెఫాను కార్మిల్లా అను పెద్ద కథను ప్రకటించెను. అందు రక్తపిశాచము ఒక యువతి. ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతము కథాస్థలము. స్టోకర్ తన నవలను మొదట ఆలోచించినప్పుడు తన జమీందారును కూడ స్టిరియాలోనే నిలిపి, పిదప ట్రాన్సిల్వేనియాకు మార్చెను. ఋణము తెలిసియే పొలిమేర దాటించెనని తోచుచున్నది.

అతని స్వభావమును తెలుపు సంగతి మరియొకటి. అమెరికా కవి వాల్ట్ విట్మన్ కవిత్వమును కళాశాలలో పలువురు ఎగతాళి చేయుచుండగా స్టోకర్ దాని పక్షము వహించి వాదించెడివాడు. 1872లో ఒక రాత్రి ఆ కవికి తన హృదయమంతయు విప్పి సుదీర్ఘమైన లేఖ వ్రాసెను. వ్రాసి, పంపుటకు ధైర్యము చాలక, నాలుగు సంవత్సరములు బల్ల సొరుగులో దాచి, 1876లో మాత్రమే టపాలో వేసెను. కవి వాత్సల్యముతో బదులు వ్రాసెను. 1884లో ఫిలడెల్ఫియా నగరమున ఇరువురు కలిసికొనిరి. పెద్దవాని ముందు తన్ను తాను సమర్పించుకొనవలెనను ఆరాటము, దానితోపాటు జంకు. ఈ రెండును స్టోకర్‌కు జీవితమంతయు విడువలేదు.

ఆ సమర్పణకు తగిన పాత్రము 1876 డిసెంబరులో దొరకెను. ఇర్వింగ్ డబ్లిన్‌లో హామ్లెట్ వేషము వేసినప్పుడు స్టోకర్ వ్రాసిన సమీక్ష ఆ నటునికి నచ్చి అతనిని విందునకు పిలిపించెను. భోజనానంతరము ఇర్వింగ్, హత్య చేసిన ఒక ఉపాధ్యాయుని గూర్చి టామస్ హుడ్ వ్రాసిన పద్యమును అభినయముతో చదివెను. అది ముగియునప్పటికి ఆరడుగుల స్టోకర్ తన్ను తాను పట్టలేక వివశుడయ్యెను. నటుడు లోపలికి పోయి తన ఛాయాచిత్రమొకటి తెచ్చి, దానిపై ఆప్యాయతతో నాలుగు మాటలు వ్రాసి యిచ్చెను. ఆ రాత్రితో ఆ గుమాస్తా జీవితము మలుపు తిరిగెను.

1878లో ఇర్వింగ్ లండనులోని లైసియం నాటకశాలను చేపట్టి స్టోకర్‌ను మేనేజరుగా రమ్మనెను. స్టోకర్ సర్కారు కొలువును, దానితో రాగల పింఛనును వదలుకొనెను. ఆ డిసెంబరులోనే ఫ్లారెన్స్ బాల్కోంబ్ అను సుందరిని పెండ్లాడెను. అంతకుముందు ఆమెను ఆస్కార్ వైల్డ్ ప్రేమించియుండెను. మరుసటి సంవత్సరాంతమున పుట్టిన కుమారునికి తండ్రి పెట్టిన మొదటి పేరు ఇర్వింగ్. ఆ కొడుకు పెద్దవాడై ఆ పేరును పక్కన పెట్టి నోయెల్ అను రెండవ పేరుతోనే వ్యవహరించుకొనెను. ఆ ఇంటిలో ఏమి జరిగెనో ఊహించుటకు ఈ చిన్న విషయమే చాలును.

ఇరువదియేడు సంవత్సరములు స్టోకర్ ఆ నాటకశాలకు ఊపిరియై పనిచేసెను. లెక్కలు, జీతములు, సీట్లు, ప్రకటనలు, అతిథులకు స్వాగతము, ఇర్వింగ్ పేర వచ్చు ఉత్తరములకు దినమునకు పదుల కొలది జవాబులు, అమెరికా యాత్రలలో వందమందిని, వారి తెరలను, సామగ్రిని రైళ్ళలోను ఓడలలోను చేరవలసిన వేళకు చేర్చుట, సర్వమును అతని తలమీదనే. ఈ మధ్య 1882లో థేమ్స్ నదిలో పడి మునిగిపోవుచున్న ఒకనిని చూచి, నడుచుచున్న ఓడనుండి దూకి బయటికి లాగెను. ఆ మనుష్యుడు బ్రతుకలేదు. దూకినవానికి మాత్రము జీవరక్షణ సంఘము కంచుపతకము నిచ్చెను. ఇంత పనిలోను న్యాయశాస్త్రము చదివి 1890లో బారిష్టరయ్యెను. ఆ వృత్తి చేయలేదు. 1895లో ఇర్వింగ్‌కు సర్ బిరుదము లభించెను. ఇంగ్లండులో ఒక నటునికి ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. అదే సంవత్సరమున స్టోకర్ అన్న, శస్త్రవైద్యుడైన థార్న్‌లీ స్టోకర్‌కును ఆ బిరుదమే వచ్చెను. బ్రాం స్టోకర్‌కు ఏ బిరుదమును రాలేదు.

ఇర్వింగ్ విందులకు లండను మహానగరమున పేరుగల వారెల్లరు వచ్చెడివారు. వారిలో రిచర్డ్ బర్టన్ ఒకడు. బహుభాషావేత్త, సాహసికుడైన యాత్రికుడు. స్టోకర్ అతనిని 1878లో తొలిసారి చూచెను. మాటలాడునప్పుడు పెదవి పైకి లేచి కోరపంటి మెరుపు కనబడుట తన మనస్సున ముద్రపడినదని తరువాత వ్రాసికొనెను. ఈ బర్టనే 1870లో మన విక్రమార్క బేతాళ కథలను కొన్నింటిని ఇంగ్లీషున తిరుగవ్రాసి ప్రకటించినవాడు. బేతాళుడను మాటకు అతడు పెట్టిన ఇంగ్లీషు పేరు వాంపైరు, అనగా రక్తపిశాచము! చందమామలో బేతాళ కథలు చదివి పెరిగిన మనకు ఇది కొంత అన్యాయముగనే తోచును. మన బేతాళుడు ఎవరి నెత్తురును త్రాగడు. శవమునందు ప్రవేశించి రాజు భుజముపై కూర్చుండి ధర్మసందేహములడుగును. మౌనము భంగమైనంతనే చెట్టెక్కును. వానిని మనము ప్రేమింతుమనియే చెప్పవచ్చును. స్టోకర్ జమీందారునకు వానితో చుట్టరికము కలుపుట సాహసమే కాని, ఆ చుట్టరికమును కల్పించిన మనుష్యుడు ఆ విందుబల్ల యొద్ద కోరపన్ను మెరయ మాటలాడెననుట మాత్రము సత్యము.

నవలకు స్టోకర్ తొలి టిప్పణములు వ్రాసికొన్నది 1890 మార్చిలో. ఆ వేసవిలో కుటుంబముతో ఇంగ్లండు ఈశాన్య తీరమందలి విట్బీ పట్టణమునకు సెలవులు గడుపుటకై పోయెను. సెలవుదినములలోను గుమాస్తా గుమాస్తాయే. కొండపైనున్న చర్చి ఆవరణలో గోరీలమీది పేర్లను పుస్తకములోనికి ఎక్కించుకొనెను. అచటి జాలరుల మాండలిక పదముల పట్టికను తయారు చేసికొనెను. తీరరక్షకుల నడిగి ఓడప్రమాదముల వివరములు సేకరించెను. 1885లో ద్మిత్రీ అను రష్యా ఓడ అక్కడ ఒడ్డెక్కి పగిలియుండెను. నవలలో చచ్చిన కప్తానుతో తీరము చేరు దెమెతెర్ అను ఓడ అదియే. ఆ ఊరి గ్రంథాలయమున విల్కిన్సన్ అను రాయబారి వలేకియా, మొల్డేవియా దేశములను గూర్చి 1820లో ప్రకటించిన పుస్తకము దొరకెను. అందు డ్రాక్యులా అను నొక రాజు పేరును, వలేకియా భాషలో ఆ మాటకు దయ్యమని అర్థమని తెలుపు అధోజ్ఞాపికయు కలవు. అంతవరకు తన పాత్రకు వాంపిర్ అను సామాన్యమైన పేరు పెట్టుకొనియున్న స్టోకర్ దానిని కొట్టివేసి డ్రాక్యులా అని దిద్దెను. ఒక గ్రంథాలయపు టరమీది పుస్తకము ఎంత పని చేసెనో చూడుడు!

శూలములపై శత్రువులను గ్రుచ్చిన వ్లాద్ అను ఆ రాజు చరిత్రయే నవలకు మూలమని నేడు సర్వత్ర ప్రచారములో నున్నది. స్టోకర్ టిప్పణములలో ఆ శూలముల ముచ్చటయే కానరాదు. అతడు తీసికొన్నది పేరు, యుద్ధముల ప్రస్తావన కొంత. పల్లెల మూఢవిశ్వాసములను గూర్చి ఎమిలీ జెరార్డ్ 1885లో ప్రకటించిన వ్యాసము అతనికి అంతకంటె ఎక్కువగా ఉపకరించినది. ట్రాన్సిల్వేనియాను మాత్రము అతడు జన్మములో చూడలేదు. ఆ కొండలు, కనుమలు, తోడేళ్ళు అన్నియు పుస్తకములలోనుండి దిగివచ్చినవే. కొంత భాగమును స్కాట్లండు తీరమున క్రూడెన్ బే అను పల్లెలో సెలవుల వేళ వ్రాసెను. టిప్పణములలో రైళ్ళ వేళలు, తేదీల పట్టికలు నిండియున్నవి. తలకు దెబ్బ తగిలినవాని లక్షణములను శస్త్రవైద్యుడైన అన్న నడిగి తెలిసికొని వ్రాసికొన్న పుటయు వానిలో కలదు. ఏడేండ్ల పని ఇది.

ఇక నవలను గూర్చి నా అభిప్రాయము చెప్పుదును. హార్కర్ అను యువన్యాయవాది లండనులో ఇల్లు కొనగోరు ఒక జమీందారు వద్దకు కాగితములతో పోవుట, ఆ కోటలో నెమ్మది నెమ్మదిగా తాను బందీనని గ్రహించుట, అద్దములో ఆతిథేయుని ప్రతిబింబము కానరాకుండుట, రాత్రివేళ అతడు గోడను బల్లివలె తలక్రిందుగా పాకిపోవుట, ఈ మొదటి నాలుగు ప్రకరణములకు సాటివచ్చు రచన భయానకరసమున మిక్కిలి కొద్ది. ఆ తరువాత జమీందారు దాదాపు అదృశ్యుడగును. అతని మాట వినబడదు, అతని దినచర్య లేదు. అందరి కాగితములలోను అతని జాడయే, అతడు మాత్రము లేడు. ఈ మౌనమే అతని బలము.

దీనిని అపరాధపరిశోధక నవలగా చదివినచో ఒక విచిత్రము గోచరించును. హంతకుడెవడో చదువరికి మొదటనే తెలియును, పాత్రలకు తెలియదు. ఒక్కొక్కరి వద్ద ఒక్కొక్క తునక కలదు. లూసీ అను కన్య దినదినము పాలిపోవుచుండును. నలుగురు పురుషులు ఒకరి తరువాత ఒకరు తమ రక్తమును ఆమెకెక్కించినను ఫలముండదు. (రక్తములో భేదములు గలవని శాస్త్రజ్ఞులు కనుగొన్నది ఆ తరువాత, 1900 ప్రాంతమున. నేటి విద్యార్థి అచ్చట నవ్వుకొనవచ్చును గాని రచయితను తప్పుపట్టరాదు.) రహస్యము ఎప్పుడు వీడును? మీనా అను యువతి అందరి దినచర్యలను, వైద్యుడు ఫోనోగ్రాఫులో పలికిన మాటలను కూడ సేకరించి, టైపు మిషనుమీద కొట్టి, తేదీల వరుసన కూర్చినప్పుడు. శిలువకంటెను, వెల్లుల్లికంటెను ముందుగా పిశాచమును పట్టియిచ్చినది దస్త్రము! డబ్లిన్ కోటలో నేర్చిన విద్య వ్యర్థము కాలేదు.

అటుపిమ్మట జరుగునది ఈ నవలలో నన్ను అన్నిటికంటె కలచివేసిన ఘట్టము. దస్త్రము సిద్ధము కాగానే పురుషులెల్లరు సభ చేసి, ఇది స్త్రీలు భరింపదగిన విషయము కాదని మీనాను విశ్రాంతి తీసికొమ్మని పంపివేయుదురు. ఆమెను వెలియిడిన ఆ రాత్రులలోనే పిశాచము ఆమెను ఆశ్రయించును. ఆమె పాలిపోవుచుండుటను వారు చూతురు, లూసీ విషయమున చూచిన లక్షణములనే చూతురు, అలసటయని సరిపెట్టుకొందురు. పని చేసినవారిని నిర్ణయము చేయువేళ వెలుపల నిలుపుట ఎంత చేటు తెచ్చునో స్టోకర్ వంటి మేనేజరు ఎరుగకుండునా? ఆమెను మరల సభలోనికి పిలిచిన తరువాతనే, ఆమె పటములు చూచి పిశాచము ఏ దారిని పోవునో తర్కించి తేల్చును. వేటగాండ్రు ఐదుగురుండగా దారి చూపినది ఆమెయే.

లోపములు లేవా అనిన, కలవు. వాన్ హెల్సింగ్ అను డచ్చి ఆచార్యుని ఉపన్యాసములు చదువరి ఓర్పును పరీక్షించును. తుదివేట మిక్కిలి సాగినది. సాగి సాగి, పిశాచము చచ్చుట మాత్రము రెండు కత్తివేటులలో ముగిసిపోవును. చిత్రణము కొన్నిచోట్ల విదేశీయులను గూర్చి ఆనాటి లండను భయములను అట్లే దిగమ్రింగినది. అయినను పదునైదేండ్ల విద్యార్థి దీనిని పాఠ్యపుస్తకము క్రింద దాచి చదువుచుండగా పట్టుబడినచో, నేను పుస్తకమును లాగికొనను. మీనా ఆ కాగితములను ఎందుకు తేదీల వరుసన పెట్టినదో చెప్పుమని అడుగుదును.

నవల 1897 మే నెలలో వెలువడినది. దానికి కొలది దినముల ముందు, మే 18వ తేదీన, నాటకహక్కులు చేజారకుండుటకై స్టోకర్ ఆ కథను సంభాషణలుగా కత్తిరించి లైసియం రంగస్థలముపై ఒకసారి చదివించెను. నాలుగు గంటలకు పైగా పట్టిన ఆ పఠనములో ఇర్వింగ్ పాల్గొనలేదు. జమీందారు పాత్రను ఇర్వింగ్ ధరించునని స్టోకర్ ఆశించెనని చాలమంది వ్రాసిరి. ఆ ఠీవి, ఆ కంఠము, చుట్టునున్నవారి సారమును పీల్చు ఆ ఆకర్షణ, ఇవన్నియు యజమానివే యనియు వాదించిరి. నేను అంతవరకు పోజాలను. సేవించినవాడు తన సేవను ఎన్నడును నిందించుకొనలేదు. కాని హార్కర్ ఆ కోటలో జమీందారు కోరినట్లు జాబులు వ్రాయుచు కూర్చున్న పుటలు చదువునప్పుడు లైసియం మేనేజరు బల్ల నాకు జ్ఞప్తికి రాక మానదు.

విమర్శకులు కొందరు మెచ్చిరి, కొందరు జుగుప్స యనిరి. మెచ్చినవారిలో గట్టిగా మెచ్చినది తల్లి. ఎనుబదేండ్లకు చేరువైన షార్లట్ డబ్లిన్ నుండి జాబు వ్రాయుచు, మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ తరువాత ఇంతటి భయంకర రచన రాలేదనియు, ఇది కొడుకునకు కీర్తియు ధనమును తెచ్చుననియు ఆశీర్వదించెను. 1901లో ఆమె కన్నుమూసెను. కీర్తి విషయమున ఆమె జోస్యము ఫలించినది గాని కొడుకు బ్రతికియుండగా కాదు. ధనము రానే లేదు.

వచ్చినవి కష్టములు. 1898 ఫిబ్రవరి 18వ తేదీన లైసియం వారి తెరలు, దృశ్యసామగ్రి దాచిన గిడ్డంగి తగులబడి, 40కి పైగా నాటకముల సామగ్రి బూడిదయ్యెను. భీమా మొత్తమును ఇర్వింగ్ అంతకు కొంత ముందే తగ్గించియుండెను. ఆపై నటునికి జబ్బు, నాటకశాల చేతులు మారుట, 1902లో దాని తలుపులు మూతపడుట. 1905 అక్టోబరు 13వ తేదీన బ్రాడ్‌ఫర్డ్ పట్టణమున నాటకము ముగించి బసకు వచ్చిన ఇర్వింగ్ ఆ రాత్రియే మరణించెను. మరుసటి యేడు స్టోకర్‌కు పక్షవాతము తగిలెను. అయినను ఆ సంవత్సరముననే యజమానిని గూర్చి రెండు సంపుటముల స్మృతులను ప్రకటించెను. ఆరోగ్యము పోయి, ఆదాయము పోయి, కలమొక్కటే దిక్కై ఏడాదికొక పుస్తకము చొప్పున వ్రాసెను. 1911లో వ్రాసిన తెల్లపురుగు నవలను చదివితిని; దానిని గూర్చి ఏమియు వ్రాయకుండుటయే ఆయనయెడల మర్యాద. ఆ యేడే రచయితల సహాయనిధికి అర్జీ పెట్టుకొనెను. ఇతరుల అర్జీలను ఏండ్ల తరబడి చక్కబెట్టిన చేయి వ్రాసిన అర్జీ అది.

1912 ఏప్రిలు 20వ తేదీన లండనులో బ్రాం స్టోకర్ మరణించెను. టైటానిక్ ఓడ మునిగి ఐదు దినములైనది. పత్రికలన్నియు ఆ వార్తలతో నిండియుండగా ఇతని మరణవార్తకు చోటు స్వల్పమే దక్కెను. దొరకిన ఆ చోటునను అతడు ముఖ్యముగా ఇర్వింగ్ అనుచరుడే.

అతని నవల అతని వెనుక లేచి నడచినది. 1922లో జర్మనీలో ముర్నౌ అను దర్శకుడు పేర్లు మార్చి, అనుమతి పుచ్చుకొనక, నోస్ఫెరాటు అను మూగచిత్రమును తీసెను. ఇతర ఆధారము లేని వితంతువు ఫ్లారెన్స్ మూడేండ్లు పోరాడి, ఆ చిత్రము ప్రతులనన్నింటిని నాశనము చేయవలెనను తీర్పును 1925లో సాధించెను. కొన్ని ప్రతులు తప్పించుకొని నేటికిని ప్రదర్శింపబడుచున్నవి. పిశాచము సూర్యరశ్మి సోకి చచ్చుననునది ఆ చిత్రము కల్పించినదే. స్టోకర్ డ్రాక్యులా పట్టపగలు లండను వీథులలో తిరుగును; పగటివేళ వాని శక్తులు సన్నగిల్లునంతే. 1924లో ఇంగ్లండులో నాటకము, 1927లో న్యూయార్కులో బేలా లుగోసి నటన, 1931లో మాటలాడు చిత్రము, ఇట్లు పేరు పెరిగి పెరిగి, పెట్టినవానిని మ్రింగివేసెను. ఫ్లారెన్స్ 1937లో మరణించెను.

ఆయన రచనలు ఇప్పటికిని మరుగుననుండి బయటపడుచునే యున్నవి. 1890లో ఒక డబ్లిన్ దినపత్రిక క్రిస్మసు అనుబంధములో అచ్చై, ఎవరి పట్టికలోను చేరక మరువబడిన కథయొకటి ఐర్లండు జాతీయ గ్రంథాలయమున లభించినట్లు 2024లో వెల్లడియైనది. నవలను ఆరంభించిన యేడే వచ్చిన కథ అది.

ఏడేండ్లపాటు కూర్చిన ఆ టిప్పణముల కట్టను ఫ్లారెన్స్ 1913లో లండను వేలములో అమ్మించెను. పలికిన ధర రెండు పౌనుల రెండు షిల్లింగులు. హోటలు కాగితముల వెనుక వ్రాసిన రైళ్ళ వేళలు, గోరీలమీది పేర్లు, వాంపిర్ అను మాటను కొట్టివేసి డ్రాక్యులా అని దిద్దిన పుటయు అందులోనే కలవు. ఆ కట్ట చేతులు మారి మారి సముద్రము దాటి, ఇప్పుడు ఫిలడెల్ఫియాలోని రోసెన్‌బాక్ గ్రంథాలయమున భద్రముగా నున్నది. విట్మన్‌ను చూచుటకు 1884లో స్టోకర్ వెళ్ళిన నగరము అదియే.